జీరాకు నేనిచ్చిన రెండు సర్టిఫికెట్లు

రాయపూర్‌లో మోవా వైపు పశువుల డిస్పెన్సరీలో కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకరు పోయిన నెల మా ఇంటికి వచ్చింది. ఎవరో తమ కుక్కను దుబాయి తీసుకుపోతున్నారట. ఆరోగ్య సర్టిఫికెట్ కావాలని ఆమె ముందు కూర్చున్నారట. "సార్, రాయపూర్‌లో ఇలాంటివి మీకే తెలుసంటున్నారు. ఏం చూడాలి, ఏం రాయాలి?" అని అడిగింది.

చెప్పాను. ఏ దేశానికి పోతోందో ఆ దేశం ఏమడుగుతుందో ముందు కనుక్కోవాలి, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పిచ్చికుక్క వ్యాధి టీకా వేసి నెల దాటి ఉండాలి, ఏడాది దాటకూడదు. కొన్ని దేశాలవాళ్లు దిగగానే జంతువును నెలల తరబడి విడిగా ఉంచుతారు, ఆ సంగతి యజమానికి ముందే చెప్పాలి. ప్రయాణానికి కొద్ది రోజుల ముందు సర్కారు డాక్టరు స్వయంగా పరీక్షించి సంతకం పెట్టాలి. పెట్టెలో కుక్క నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, పడుకోగలగాలి. అంతా అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆమె డైరీలో రాసుకుని, టీ తాగి, వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక నేను కూర్చోలేకపోయాను. ముందు గదిలోంచి వెనక వసారాకి, వసారాలోంచి ముందు గదికి తిరుగుతూనే ఉన్నాను. చెప్పవలసింది చెప్పలేదు. నేను చెప్పినదంతా ఏ సర్క్యులర్‌లోనైనా దొరుకుతుంది. నేను చేసిన తప్పు మాత్రం ఏ సర్క్యులర్‌లోనూ లేదు. మా వైపు వేరే రాష్ట్రం అవుతుందంటున్నారు, రేపో మాపో కొత్త ఆఫీసులు వస్తాయి, కొత్త పిల్లలు చేరతారు. వాళ్లకైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నా సంగతి కొంచెం

మా నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి రాయపూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లకు రివెట్లు కొట్టారు. నేను రైల్వే క్వార్టర్లలో పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, పాలవాడితో ఛత్తీస్‌గఢీ. జబల్‌పూర్‌లో పశువైద్యం చదివి సర్కారు నౌకరీలో చేరాను. మొత్తం ఉద్యోగంలో ముప్పాతిక భాగం ఎడ్లు, గేదెలతోనే గడిచింది. గాళ్లు అనే గాలికుంటు వ్యాధికి టీకాలు, ఈనడంలో కష్టాలు, కాడి పుళ్లు.

రాయపూర్ నుంచి కుక్కలు విమానం ఎక్కడమేమిటని నవ్వకండి. డెబ్బైల్లో ఊరి చుట్టూ కొత్త కార్ఖానాలు లేస్తున్నాయి. యంత్రాలతో పాటు వాటిని బిగించే విదేశీ ఇంజనీర్లూ వచ్చేవారు. రెండేళ్లో మూడేళ్లో ఉండి పోయేవారు. ఇక్కడ ఉన్నన్నాళ్లు ఏదో ఒక ప్రాణిని చేరదీసేవారు. పోయేటప్పుడు దాన్ని వదల్లేక నా దగ్గరికి వచ్చేవారు. ఆఫీసులో ఆ నిబంధనల కాగితాలు చదివే ఓపిక ఇంకెవరికీ లేకపోవడం వల్ల ఆ పని నా నెత్తిన పడింది. ఓపిక ఉందని కొంచెం గర్వం కూడా ఉండేది. దాని సంగతే చెప్పబోతున్నాను.

మొదటి సర్టిఫికెట్

శంకర్ నగర్‌లో అద్దె ఇంట్లో పావెల్ అనే చెకోస్లోవేకియా ఇంజనీరు ఉండేవాడు. భార్య పేరు ఈవా. కూతురు హానాకు తొమ్మిదేళ్లు. ఆ పిల్ల వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచింది. జీలకర్ర రంగులో ఉందని వంటమనిషి దానికి జీరా అని పేరు పెట్టాడు. హానా హిందీ మన పిల్లల్లాగే మాట్లాడేది. పావెల్‌కి నాలుగు ముక్కలు వచ్చు. ఈవా ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేది.

వాళ్ల కాంట్రాక్టు ఏప్రిల్‌లో ముగిసింది. జీరాకు టీకా నేనే రెండు నెలల ముందు వేశాను. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. మిగిలింది ఆఖరి పరీక్ష, ఆరోగ్య సర్టిఫికెట్. ఆ రోజు నేను అభన్‌పూర్ వైపు గాళ్ల టీకాలకు వెళ్లి, ఎండలో మాడిపోయి, సాయంత్రం ఐదింటికి ఆస్పత్రికి తిరిగి వచ్చాను. అప్పటికే మా జిల్లా అధికారి మూడుసార్లు ఫోన్ చేశారు. ఆయన్ను మేమంతా బడే సాబ్ అనేవాళ్లం. నేను రాగానే మళ్లీ చేశారు.

"రేపు పొద్దున బాంబే మెయిల్‌కి వాళ్లు పోతున్నారు. ఆ ఇంజనీరు పెద్దవాళ్లకు తెలిసినవాడు. కాగితం ఈ సాయంత్రమే వాళ్ల చేతిలో పడాలి. నాకు ఇంకో ఫోన్ రాకూడదు" అన్నారు.

మా కాంపౌండర్ భగత్‌రామ్‌ను స్కూటర్ వెనక ఎక్కించుకుని వెళ్లాను. ఇంటినిండా కట్టిన పెట్టెలు. ఈవా లిస్టు పట్టుకుని తిరుగుతోంది. హానా కుక్క మెడ చుట్టూ చెయ్యేసి కూర్చుంది. జ్వరం చూశాను, లేదు. గుండె, ఊపిరి విన్నాను, బాగున్నాయి. ఒళ్లు తడిమి గోమార్లేమైనా పట్టాయేమో చూశాను. నోటి దగ్గరికి వచ్చేసరికి కుక్క మొహం తిప్పుకుంది. రెండోసారీ తిప్పుకుంది. బయట ఎవరో ట్రక్కువాడు హారన్ కొడుతున్నాడు. సర్టిఫికెట్ నమూనాలో 'నోరు, పళ్లు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'సవ్యంగా ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టాను.

బయటికి వస్తుంటే జీరా ఒకసారి మొరిగింది. భగత్‌రామ్ ఆగిపోయాడు.

"సాహెబ్, ఎఖర్ ఆవాజ్ హ బదల్ గే హే" అన్నాడు. దీని గొంతు మారిపోయింది అని.

"సామాన్లు చూసి బెదిరింది లేవయ్యా" అన్నాను.

భగత్‌రామ్ ఏడో క్లాసు చదివాడు. ముప్పై ఏళ్లుగా జంతువుల పక్కన నిలబడ్డాడు. నేను డిగ్రీ ఉన్నవాణ్ణి. అతను మళ్లీ నోరెత్తలేదు. చిన్నవాళ్లు చెప్పిన మాట పెద్దవాళ్లు ఒకసారి కొట్టిపారేస్తే రెండోసారి చెప్పరు. నేను చూసిన చావుల్లో సగం ఆ రెండోసారి చెప్పని మాట వల్లే జరిగాయి.

బండి వెళ్లిపోయాక

మర్నాడు పొద్దున నేను ఆస్పత్రి తలుపు తీసేసరికి భగత్‌రామ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. సైకిల్ ఇంకా చేతిలోనే ఉంది.

"సాహెబ్, మనసు ఒప్పక శంకర్ నగర్ పోయి వంటమనిషిని అడిగాను. రెండు రోజుల నుంచి కుక్క నీళ్లు తాగలేదట. నోరు సరిగా మూతపడటం లేదట. చొంగ కారుతుంటే పాప చేత్తో తుడుస్తోందట. మూడు వారాల కింద వీధి కుక్కతో కొట్లాడిందట కూడా. ప్రయాణం ఆగిపోతుందని పాప ఎవరికీ చెప్పొద్దందట."

పిచ్చి పట్టిన కుక్కలన్నీ కరుస్తూ తిరగవు. కొన్ని మూగగా ఉంటాయి. దవడ వేలాడుతుంది, గొంతు మారుతుంది, నీళ్లు మింగలేవు. ఇది మొదటి ఏడాది పాఠం. టీకా వేశాను కదా అనుకుందామంటే, ఆ ఫిబ్రవరిలో మా ఆస్పత్రిలో రెండు రోజులు కరెంటు లేదు. మందు ఉన్న ఫ్రిజ్ నీళ్లు కారింది. చల్లదనం పోతే టీకా మందు పనిచేయదు. ఆ మందే వేశాను. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

గడియారం చూశాను. బండి వెళ్లి నలభై నిమిషాలైంది.

బడే సాబ్ ఇంటికి పరుగెత్తాను. ఆయన గడ్డం గీసుకుంటున్నారు. అంతా విని, సబ్బు తుడుచుకుని, మెల్లగా అన్నారు: "కుక్క మన జిల్లా దాటిపోయింది. బాంబేలో వాళ్ల డాక్టర్లు చూసుకుంటారు. నువ్వు ఏమీ చూడలేదు, నాకు ఏమీ చెప్పలేదు. ఇంటికి పో."

"పాప చేతిమీద దాని చొంగ ఉంది సాబ్."

"నీ సంతకం కూడా ఉంది" అన్నారు.

ఆయన నన్ను బెదిరించాలని అన్నారో, కాపాడాలని అన్నారో నాకు ఈనాటికీ తేలలేదు. కానీ ఆ మాట వినగానే నా కాళ్లు వాటంతటవే కదిలాయి. స్కూటర్ స్టేషన్‌కి తిప్పాను. మా తమ్ముడు రమణ అక్కడ పనిచేసేవాడు. ముందు స్టేషన్లకు ఫోన్‌లో కబురు పంపే వీలు వాడికుంది.

"అన్నియ్యా, నోటిమాట మీద బండిలోంచి ఫారినోళ్లని దింపీమంటే నా నౌకరీ ఊడతాది. కాయితం రాసిచ్చీ" అన్నాడు.

రాశాను. గార్డు పెట్టెలో ఉన్న కుక్కను ఎవరూ ముట్టుకోవద్దు, నాగపూర్‌లో దింపి పశువుల ఆస్పత్రికి అప్పగించాలి, యజమానులు కూడా దిగాలి, పాపను వెంటనే మనుషుల ఆస్పత్రికి తీసుకుపోవాలి, నేను నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ చెల్లదు. కింద పేరు, హోదా. రమణ చదివి ఫోన్ తిప్పాడు.

తరవాతి బండికి భగత్‌రామ్‌ను తీసుకుని నాగపూర్ బయలుదేరాను. ఆరు గంటల ప్రయాణంలో ఒక్కచోట కూర్చోలేదు. డోంగర్‌గఢ్ దగ్గర తలుపు పట్టుకుని నిలబడ్డాను, గోందియాలో దిగి ప్లాట్‌ఫారమ్ మీద అటూ ఇటూ నడిచాను. గార్డును కరిచిందేమో, పాపను కరిచిందేమో, కబురు అందనే లేదేమో. భగత్‌రామ్ ఇత్తడి డబ్బాలోంచి రొట్టె తీసి పెట్టాడు. తిరిగి డబ్బాలోనే పెట్టేశాను.

నాగపూర్‌లో

కబురు అందింది. జీరా ఇనుప బోనులో ఉంది. ఆ ఆస్పత్రి పెద్ద డాక్టరు దేశ్‌పాండే గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. సన్నగా, పొట్టిగా, చెవిలో వెంట్రుకలతో ఉన్నారు. పావెల్ నన్ను చూడగానే లేచి మీదికొచ్చాడు. ఈవా మధ్యలో నిలబడింది.

"నిన్న మీరే బాగుందన్నారు" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

హానాకు అప్పటికే పొట్టలో మొదటి సూది పడింది. ఆ రోజుల్లో ఆ వైద్యమంటే రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. కుక్క పది రోజులు బతికి బాగుంటే మధ్యలో ఆపవచ్చు.

నేను వెంటనే కుక్క నోరు చూద్దామన్నాను. దేశ్‌పాండే గారు తల అడ్డంగా ఊపారు. "వెలుతురు లేకుండా ఇలాంటి నోరు తెరవను. రేపు పొద్దున."

పొద్దున బోనును ఎండలోకి జరిపించారు. మోచేతుల దాకా తోలు తొడుగులు వేసుకున్నారు. భగత్‌రామ్ ఉచ్చుతాడుతో తల కదలకుండా పట్టాడు. పళ్ల మధ్య కర్ర పెట్టి దవడ తెరిచారు. ఒక నిమిషం లోపలికి చూశారు. పొడవైన పట్టకారు తెమ్మన్నారు. లాగారు. టక్కుమని ఏదో విరిగిన చప్పుడు. ట్రేలో పడేశారు.

వేలంత ఎముక. పై దవడలో ఈ చివరి పన్నుకీ ఆ చివరి పన్నుకీ మధ్య అడ్డంగా ఇరుక్కుని, అంగిలిని కోసేసింది. బయలుదేరే ముందు ఇచ్చిన విందులోని మేకమాంసం తాలూకు ముక్క. అందుకే కుక్క నోరు మూయలేకపోయింది, నీళ్లు మింగలేకపోయింది, సరిగా మొరగలేకపోయింది.

"నమూనాలో నోటి దగ్గర నువ్వు ఏం రాశావు?" అని అడిగారు.

"సవ్యంగా ఉందని."

ఆయన తొడుగులు విప్పుకుని సబ్బుతో చేతులు కడుక్కున్నారు. చాలాసేపు కడుక్కున్నారు. నేను నిలబడే ఉన్నాను. ఒకే తప్పు వల్ల నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి మునిగాను. నోరు చూసి ఉంటే శంకర్ నగర్‌లోనే ఎముక తీసేసేవాణ్ణి. వీళ్లు హాయిగా బండెక్కేవాళ్లు. పాపకు సూది పడేది కాదు.

అయినా మనసులో తేలిక కలిగింది. పిచ్చి కాదు కదా! ఆ మాటే పైకన్నాను. ఆయన చప్పున నావైపు తిరిగారు.

"ఎముక దొరికింది కాబట్టి పిచ్చి లేదని ఏ పుస్తకంలో చదివావు? వీధికుక్కతో కొట్లాడింది. మీ ఫ్రిజ్ సంగతి నువ్వే చెప్పావు. రెండూ ఉండొచ్చు. పది రోజులు ఇక్కడ ఉంటుంది. పాప సూదులు ఆపొద్దు."

వాళ్ల విమానం ఎల్లుండి. టిక్కెట్లు మార్చుకునే వీలు లేదు, వీసా గడువు అయిపోతోంది. పావెల్ చాలాసేపు వాదించాడు. చివరికి బోను దగ్గరికి వెళ్లి కుక్క వైపు చూస్తూ నిలబడ్డాడు. హానా ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, "చాచా, ఆప్ భేజేంగే?" అంది. మీరు పంపిస్తారా అని.

"పంపిస్తాను."

"ఝూఠ్ మత్ బోల్నా." అబద్ధం చెప్పొద్దు.

నా ఉద్యోగంలో నాకు ఎన్నో మెమోలు వచ్చాయి. ఆ మాటంత గట్టిది ఒక్కటీ లేదు.

పది రోజులు

సెలవు చీటీ పోస్టులో పంపి నాగపూర్‌లోనే ఉండిపోయాను. భగత్‌రామ్‌ను వెనక్కి పంపేశాను. ఆస్పత్రి వసారాలో మడతమంచం వేసుకున్నాను. తెల్లవారగానే బోను దగ్గరికి వెళ్లి, నీళ్ల గిన్నె పెట్టి, అది తాగుతుందా లేదా అని చూసేవాణ్ణి. తాగేది. మూడో రోజుకు నేను చేయి చూపిస్తే తోక ఆడించేది.

నాలుగో రోజు తిండి ముట్టలేదు. మూలకు పోయి పడుకుంది. నేను వెళ్లి దేశ్‌పాండే గారిని భోజనం మధ్యలో లేపుకొచ్చాను. ఆయన బోను ముందు చతికిలబడి కూర్చుని అరగంట చూశారు. "ఎండ. నలభై నాలుగు డిగ్రీల్లో నువ్వు మాత్రం తింటున్నావా?" అని, తడి గోనె కప్పించి వెళ్లిపోయారు. సాయంత్రం తింది.

ఇక్కడ నేను రోజులు లెక్కపెడుతుంటే, అక్కడెక్కడో తెలియని ఊళ్లో ఆ పాప పొట్ట మీద రోజుకో సూది పడుతోంది. పదో రోజు త్వరగా రమ్మని తోసినా రాదు. కుక్క బాగుందని ముందే తంతి కొట్టేద్దామని ఎనిమిదో రోజు పోస్టాఫీసు దాకా వెళ్లాను. ఫారం నింపాను. నింపి, చించేసి వచ్చాను. చూడని నోటిని చూశానని రాసినవాణ్ణి, గడవని రెండు రోజుల్ని గడిచాయని రాయడానికి ఎంతసేపు? అలవాటు అలాగే మొదలవుతుంది.

పదో రోజు పోస్టాఫీసు తలుపు తీయక ముందే వెళ్లి నిలబడ్డాను. జీరా ఆరోగ్యంగా ఉంది, సూదులు ఆపండి అని పంపాను.

ఏడు నెలలు

జీరాను రాయపూర్ తీసుకొచ్చేసరికి బడే సాబ్ మెమో సిద్ధంగా ఉంది. నిర్లక్ష్యంగా సర్టిఫికెట్ ఇచ్చినందుకు ఒకటి, పై అధికారికి చెప్పకుండా ప్రయాణికులను రైలు దింపించినందుకు ఒకటి. మొదటిదానికి ఒప్పుకున్నాను. రెండోదానికి మీకు చెప్పాను అని రాసిచ్చాను. ఆయన నన్ను పిలిచి, రెండో మెమో నా ముందే చించేశారు. మొదటిది ఫైల్లో ఉండిపోయింది. ఉండాల్సిందే.

అసలు చిక్కు తరవాత మొదలైంది. యజమానితో కలిసి ప్రయాణించే కుక్కకు ఒక అనుమతి, ఒంటరిగా పెట్టెలో పోయే కుక్కకు ఇంకో అనుమతి. వాళ్ల దేశం నుంచి కొత్త కాగితం రావాలి. ఈలోగా ఎండాకాలంలో జంతువులను ఎక్కించుకోమని విమానం కంపెనీ రాసింది. వేడి నేల మీద ఆగిన విమానంలో అవి చచ్చిపోతాయి, వాళ్ల మాట సబబే. అంటే వానలు పోయి చలి మొదలయ్యేదాకా ఆగాలి.

మా ఆవిడ సత్యవతి మొదటిరోజు గుమ్మంలోనే ఆపేసింది. "ఏటండీ ఇది? దొరల ఇంటి కుక్క. మనింట్లో ఏటి తింటాది?"

"అది శంకర్ నగర్ వీధికుక్కే."

"అయితే మరీ నయం" అంది. వారం తిరగకుండా దానికి పెరుగన్నం కలిపి పెడుతోంది. ఆవిడకు హిందీ బజారు వరకే వచ్చు. కుక్కతో మాట్లాడేదంతా తెలుగే. రా, కూకో, తిను, ఊరుకో. జీరా అన్నీ నేర్చుకుంది. నేను రోజూ ఆఫీసు నుంచి రాగానే టపా వచ్చిందా అని అడిగేవాణ్ణి. రాకపోతే ఆ సాయంత్రమంతా ఏ పనీ తోచేది కాదు. ఆవిడ మాత్రం టపా సంగతి ఎప్పుడూ అడగలేదు.

ఆ వర్షాకాలంలోనే ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. నేను జంతువులను విదేశాలకు పంపిస్తానని విన్నాడట. గుడ్డ కప్పిన పంజరంలో బస్తర్ కొండ మైనా ఉంది. దాన్ని 'పెంపుడు చిలక' అని రాసిస్తే చాలన్నాడు. అప్పటికే వన్యప్రాణుల చట్టం వచ్చి కొన్నేళ్లయింది. పంజరంలో ఆ పక్షి మనిషి దగ్గినట్టు దగ్గుతోంది. రాయనన్నాను. బడే సాబ్‌తో చెప్పిస్తానన్నాడు. చెప్పించాడు కూడా. నేను అటవీ శాఖ వాళ్లకు కబురు పెట్టానని చెబితే, బడే సాబ్ "సరే, ఇంక నాకు తెలియదు" అని పెట్టేశారు.

ఆయన గురించి ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం. అక్టోబరు దాకా రాయబార కార్యాలయం నుంచి జవాబు లేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, ఫైలు తీసుకుని, మధ్యాహ్నం ఒంటిగంట దాకా కూర్చుని తానే ఉత్తరం రాసి టైపు చేయించారు. "ఆ పాపకు మాటిచ్చావట కదా, భగత్‌రామ్ చెప్పాడు" అన్నారు. మూడు వారాల్లో అనుమతి వచ్చింది. భయస్తుడు చెడ్డవాడు కానక్కర్లేదు. కానీ భయస్తుడి మాట విని సంతకం మాత్రం పెట్టకండి.

రెండో సర్టిఫికెట్

వడ్రంగి చేత పెట్టె చేయించాను. మూడు వైపులా గాలి రంధ్రాలు, మూతి బయటికి రానంత చిన్నవి. తలుపు తెరవకుండానే బయటినుంచి నీళ్లు పోసే గిన్నె. ఇటు పైకి అని ఎర్ర బాణం గుర్తులు. మాది వరి పండే సీమ కదా, అడుగున మెత్తగా వరిగడ్డి పరిపించాను.

బయలుదేరే ముందు రోజు పొద్దున, ఎండ బాగా వచ్చాక, పరీక్షకు కూర్చున్నాను. ఒక్కో గడి చూడటం, రాయడం. నోటి దగ్గరికి వచ్చేసరికి సత్యవతి దాని తల ఒళ్లో పెట్టుకుంది. పెదవి ఎత్తి, దవడ తెరిచి, నాలుక పక్కకు నెట్టి, చివరి పన్ను దాకా చూశాను. అంగిలి మీద పాత గాయం తెల్లటి గీతలా ఉంది. 'మానిన గాయపు మచ్చ ఉంది, వేరే దోషం లేదు' అని రాశాను. గంటంపావు పట్టింది.

బాంబేకి నేనే తీసుకెళ్లాను. విమానాశ్రయం సరుకుల షెడ్డులో పరీక్షాధికారి కాగితాలన్నీ చూసి బాగున్నాయన్నాడు. పెట్టెలోకి తొంగిచూసి, "గడ్డి తీసెయ్యండి" అన్నాడు. పశువుల గాళ్ల వ్యాధి గడ్డి వెంట పోతుందని చాలా దేశాలు దాన్ని రానివ్వవు. ఇరవై ఏళ్లు గాళ్ల టీకాలు వేసినవాణ్ణి, నాకు తట్టలేదు! షెడ్డు బయట పాత పేపర్లు కొని, నేలమీద కూర్చుని చింపి, పరిచాను. అందుకే చెబుతున్నాను, ఒక తప్పు సరిదిద్దుకున్నామని రెండోది దూరంగా పోదు.

జీరాను లోపలికి పంపి తలుపుకు గొళ్లెం వేశాను. రంధ్రంలోంచి నా వేలు నాకింది. తోపుడు బండి కదిలింది. నేను ఆ షెడ్డు గేటు దగ్గర విమానం పోయేదాకా తిరుగుతూనే ఉన్నాను. ఏ విమానమో కూడా తెలియదు. ఒకటి లేచింది, అదే అనుకున్నాను.

తరవాత రెండు నెలలు ఏ కబురూ లేదు. దిగిందో లేదో, దారిలో ఏమైందో. తంతి కొట్టాను, జవాబు రాలేదు. సత్యవతి పెరుగన్నం గిన్నె కడిగి బోర్లించింది, మళ్లీ వాడలేదు.

జనవరి ఆఖర్లో ఈవా ఉత్తరం వచ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడి చదివాను. ఇల్లు మారడం వల్ల నా తంతి ఆలస్యంగా అందిందట. హానాకు పది సూదుల దగ్గర ఆపేశారట, బాగుందట. జీరా క్షేమంగా దిగింది. మంచు చూసి మొదట బెదిరింది. ఆఖర్న ఒక ప్రశ్న. "హానాను గుర్తుపట్టింది, కానీ ఎవరి మాటా వినడం లేదు. హిందీలో చెప్పినా వినదు, మా భాషలో చెప్పినా వినదు. మీ ఇంట్లో దానితో ఏ మాటలు మాట్లాడేవారు? దయచేసి రాసి పంపండి."

ఆ సాయంత్రమే కాగితం తీసుకుని కూర్చున్నాను. తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థం. సత్యవతి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటీ చెప్పింది. రా. కూకో. తిను. ఊరుకో. పడుకో. అన్నీ అయ్యాయా అనుకుని, కుక్కకు చెప్పే మాటే కదా అని నా అంతట నేనే 'పో' అని కూడా రాశాను.

ఆవిడ కాగితం మీదికి వంగి చూసింది.

"అది కొట్టీయండి. ఆ మాట మనింట్లో దాన్ని ఎప్పుడన్నాం?" అంది.

కొట్టేశాను.